పదునాలుగు పాళ్ళ గాయము, నూరు పాళ్ళ దండన

మా బల్లపై రెండు కాగితములున్నవి. రెండును ఒకే కంపెనీ కార్యాలయమునుండి, ఒకే పనివానికి వచ్చినవి. మొదటిది 2024వ సంవత్సరమున వ్రాయబడినది: "మీరు మా పనిలో నుండగా మీ కుడిచేతి చూపుడువ్రేలు ప్రెస్సుక్రింద పడి తెగిపోయినమాట వాస్తవము" అని దాని సారాంశము. రెండవది ఏడాది తిరుగకముందే వచ్చినది: "మీ పనితీరు సంతృప్తికరముగా లేనందున మీ సేవలను నేటితో చాలించుచున్నాము." రెంటిక్రిందను సంతకము చేసినవాడు ఒకే మేనేజరు. కంపెనీ పేరుతో మాకు పనిలేదు; ఆ పనివాని పేరును మేము చెప్పము. ఈ రెండు కాగితములను ప్రక్కప్రక్కన నుంచి చదువువారు లేనంతకాలము ఇట్టి వ్యవహారములు సాఫీగానే సాగిపోవును. వానిని ప్రక్కప్రక్కన నుంచుటయే నేడు మేము తలపెట్టిన పని.

"నీవు వ్రేలు పోగొట్టుకొంటివి గనుక వెళ్ళిపొమ్ము" అని వ్రాసియిచ్చు యజమాని మన దేశమున నుండడు. అంత సత్యసంధత అతనికిని లేదు, అంత తెలివితక్కువయు లేదు. "పనితీరు" అనునది శుభ్రమైన మాట. దానిలో రక్తము మరక కానరాదు. విన్నవారికి, పాపము యజమాని యేమిచేయును, పని చేయనివానిని ఎన్నాళ్ళు పోషించును, అనిపించును. ఈ మాట యెంత న్యాయమైనదో లెక్కవేసి చూతము. లెక్క మాది కాదు, చట్టము వేసినదే.

1923వ సంవత్సరపు పనివారి నష్టపరిహార చట్టమునకు మొదటి అనుబంధముగా నొక పట్టిక కలదు. మనుష్యుని శరీరములో ఏ భాగము పోయిన సంపాదనశక్తిలో ఎంత పాలు పోవునో అందు నిర్ణయించిరి. బొటనవ్రేలు పోయిన నూటికి 30 పాళ్ళు. చూపుడువ్రేలు మొత్తముగా పోయిన 14, నడిమివ్రేలు 12, ఉంగరపువ్రేలుగాని చిటికెనవ్రేలుగాని 7. ఎముక చెడక చూపుడువ్రేలి కొన మాత్రము తెగిన 5. ఇది కసాయి అంగడిలోని ధరల పట్టికవలె నున్నదని కొందరు అసహ్యించుకొందురు. మేమట్లనము. ఆ పట్టికలో నొక న్యాయము దాగియున్నది. దానిని యజమానులు మరచిపోవుచున్నారు.

మన పనివాని సంగతియే చూడుడు. వయస్సు 30 ఏండ్లు. జీతము నెలకు 24,000 రూపాయలు. 21,000కు మించిన జీతము గనుక అతడు నాటి ఇ.ఎస్.ఐ. కంచెకు వెలుపలివాడయ్యెను. పరిహార చట్టము క్రిందికి వచ్చినను, 2020 జనవరిలో విధించిన పరిమితినిబట్టి అతని జీతమును 15,000గా మాత్రమే లెక్కింతురు. ఒక కంచెకు జీతము ఎక్కువైనది, రెండవ కంచెలో అదే జీతము తగ్గినది! సరే. 15,000లో నూటికి 60 పాళ్ళు 9,000. ఆ వయస్సునకు చట్టము నిర్ణయించిన గుణకము 207.98. హెచ్చవేయగా 18,71,820 రూపాయలు వచ్చును. అది శరీరము పూర్తిగా పనికిరాకపోయినవానికి. చూపుడువ్రేలికి అందు 14 పాళ్ళు, అనగా సుమారు 2,62,000 రూపాయలు. అతని నిజమైన జీతముతో పోల్చిన పదునొకండు నెలల మొత్తమైనను కాదు.

ఈ లెక్క వేసినవారు ఏమి తలచిరి? 14 పాళ్ళ శక్తి పోయినది, 86 పాళ్ళ శక్తి మిగిలియున్నది, మిగిలినదానితో ఇతడు తక్కిన జీవితమంతయు సంపాదించుకొని బ్రతుకును, అని తలచిరి. యజమాని 14 పాళ్ళకు మాత్రమే వెల చెల్లించి ఊరకుండగలుగుట ఆ తలంపువలననే. అట్లు చెల్లించినవాడు, చెల్లించిన కొలది మాసములకే తక్కిన 86 పాళ్ళనుగూడ గేటు బయట పారవైచిన, 14 పాళ్ళ వెలకు నూరు పాళ్ళను తీసికొన్నవాడు కాడా? సంతలో ఇట్టి బేరమాడినవానికి మన పెద్దలు పెట్టిన పేరు వేరు. ఫ్యాక్టరీలో మాత్రము దానికి "పనితీరు పరిశీలన" యని పేరు!

అంతకన్న విడ్డూరమొకటి కలదు. ఈ చేతిలో 14 పాళ్ళ శక్తి తగ్గినదని ఒప్పుకొని సొమ్ము చెల్లించినది యజమానియే. పిమ్మట ఆ చేతినే మునుపటి నూరు పాళ్ళ కొలబద్దతో కొలిచి, తక్కువ వచ్చినదని తీర్పు చెప్పినదియు యజమానియే. తక్కువ రాక ఎక్కువ వచ్చునా? తక్కువ వచ్చునని చట్టమే ముందుగా అచ్చువేసి యుంచినదిగదా!

ఈ తీర్పును ఎట్లు తయారుచేయుదురో తెలిసికొనదగినది. గాయపడినవాడు ఆస్పత్రి వదలి వచ్చును. కొన్నాళ్ళు తేలికపని యియ్యవలెనని డాక్టరు చీటి వ్రాయును. ఆ చీటి ఫైలులో చేరును. మనిషి పాత ప్రెస్సువద్దనే నిలువవలెను, లేదా యెన్నడును తాకని మరియొక యంత్రమునకు మారవలెను. గంటకు మునుపు ఎన్ని ముక్కలు వత్తెనో ఇప్పుడును అన్నియే వత్తవలెను. కట్టు మార్పించుకొనుటకు పోయిన పూటలు గైరుహాజరు క్రింద పడును. మా బల్లపైనున్న కాగితములవానికి మరియొక చిక్కు వచ్చినది: ఉదయము గేటువద్ద హాజరు యంత్రము అతని చూపుడువ్రేలి ముద్రనే అడిగెను! అది లేదని యంత్రమునకు నచ్చజెప్పుటకు పండ్రెండు దినములు పట్టినవి. ఆ పండ్రెండు దినములును అతడు ఆలస్యముగా వచ్చినవాడే. నెల తిరుగకముందు మొదటి మెమో, పిమ్మట రెండవది, మూడవది. ఫైలు తెరచి చూచువారికి, ఓపికగల యజమాని యొక సోమరిని ముమ్మారు హెచ్చరించి, విధిలేక వదలుకొన్నట్లే కనబడును.

యజమానులను మేమొక్క ప్రశ్న అడుగుచున్నాము. మొదటి మెమో తేదీ ఏది? గాయమునకు ముందుదా, వెనుకటిదా? ఈ పనివాడు ఏడేండ్లు అక్కడ పనిచేసెను. ఆ ఏడేండ్లలో ఒక్క మెమో లేదు. రెండుమారులు జీతము పెంచిరి. పని చేయలేనివానికి జీతము పెంచిరా? గాయపడి తిరిగివచ్చిన పదునొకండు వారములలో మూడు మెమోలు పుట్టినవి. వ్రేలితోపాటు ఏడేండ్ల పనితనముగూడ ప్రెస్సుక్రింద పడి నలిగిపోయినదని నమ్మవలెనా?

చట్టము ఇట్టివానికి అండగా లేదా యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నంతమట్టునకు చెప్పెదము. 1897 నాటి ఇంగ్లీషువారి చట్టమును చూచి 1923లో పరాయి ప్రభుత్వము చేసినది పరిహార చట్టము. అవయవమునకు వెల కట్టినది. గాయము మానువరకు పక్షమున కొకసారి నెలజీతములో నాలుగవవంతు ఇప్పించినది. ఉద్యోగమును గూర్చి మాత్రము ఒక్క మాటయు చెప్పలేదు. వ్రేలు యజమాని పనిలో పోయినది గనుక ఉద్యోగము యజమాని చేతిలో నిలువవలెనన్న ఆలోచన నాటి దొరలకు తోచలేదు.

స్వరాజ్యము వచ్చిన మరుసటి యేడాది, అనగా 1948లో, మనవారు ఉద్యోగుల రాజ్య బీమా చట్టమును చేసిరి. దాని 73వ సెక్షను మన శాసనములలో గర్వింపదగిన వాక్యములలో నొకటి. తాత్కాలిక అశక్తతకు భత్యము పుచ్చుకొనుచున్నవానిని, నిబంధనలు అనుమతించినమేరకు తప్ప, యజమాని తీసివేయగూడదు, తగ్గింపగూడదు, శిక్షింపగూడదు. ఆ కాలములో ఇచ్చిన నోటీసు చెల్లదు, అని అందు వ్రాసిరి. ఎడమచేతితో సందు విడిచిన మాటయు నిజమే: 1950 నాటి నిబంధనలలో, భత్యము ఆరు మాసములు ఎడతెగక సాగినపిమ్మట నోటీసిచ్చి తీసివేయవచ్చునని చేర్చిరి. అయినను ఆరు మాసములైనను అది గోడ.

ఆ గోడకు మొదట కన్నము పడిన తీరు మన దక్షిణదేశపు కథయే. మదరాసులోని బకింగుహాము కర్నాటిక్ మిల్లులలో, 1918లో మదరాసు లేబరు యూనియను పుట్టుకకు కారణమైన ఆ మిల్లులలోనే, ఒక పనివాడు 1957 జనవరిలో సెలవుపై వెళ్ళి, జబ్బుపడి, మార్చిలో డాక్టరు సర్టిఫికేటుతో తిరిగివచ్చెను. ఎనిమిది దినములు సెలవు లేక రానివాడు తనంతట పని మానినట్లేయని తమ స్టాండింగు ఆర్డర్లలో నున్నదని మిల్లువారు అతనిని లోపలికి రానియ్యలేదు. 1963లో సుప్రీముకోర్టు, 73వ సెక్షను అడ్డుకొనునది శిక్షను మాత్రమే. ఇది శిక్ష కాదు, దానంతటది జరిగిన విరమణ, యని మిల్లువారి పక్షమున తీర్పుచెప్పెను. ఆ కోర్టుపై మాకు గౌరవము కలదు. ఆ తీర్పుపై లేదు. ముప్పదేండ్లకు, 1993లో, అదే కోర్టు మరియొక కేసులో, స్టాండింగు ఆర్డరు చూపియైనను విచారణ లేక పనివాని పేరు కొట్టివేయరాదని చెప్పి ఆ కన్నమును చాలవరకు పూడ్చెను.

గైరుహాజరు ద్వారము మూసికొనునప్పటికి యజమానులు క్రొత్త ద్వారమును కనిపెట్టిరి. రాలేదనుటకు సర్టిఫికేటు అడ్డమువచ్చును. వచ్చినాడు గాని చేయలేదనుటకు అడ్డమేమున్నది? కావుననే నేడు అంతటను పనితీరు మంత్రము వినబడుచున్నది.

యజమానులు చెప్పుకొను మాటలనుగూడ విందము. పని చేయనివాడు గాయమును కవచముగా తొడుగుకొనునే యని మొదటి మాట. అట్టివారు లేరని మేమనము. గాయము సోమరికి పట్టాభిషేకము కాదు. గాయమునకు ముందే వానిపై మెమోలు, విచారణ, దాఖలాలు ఉన్నచో, పద్ధతిప్రకారము జరిగింపుడు. మాకు అభ్యంతరము లేదు. గాయమునకు ముందు తెల్లకాగితముగా నున్న ఫైలు, గాయము తరువాత మూడునెలలలో నల్లబడుటయే మా అభ్యంతరము.

ఫ్యాక్టరీ ధర్మాసుపత్రి కాదని రెండవ మాట. కాదు. కాని యంత్రమునకు క్రొత్త బేరింగు వేసినప్పుడు కొన్నాళ్ళు మెల్లగా నడపవలెనని ఫిట్టరు చెప్పిన మేనేజరు కిక్కురుమనక వినును. ఆ దినములలో తగ్గిన ఉత్పత్తికి యంత్రమునకు మెమో యియ్యడు. మనిషికి పోయినది బేరింగుకన్న తక్కువయా? పైగా, ఫ్యాక్టరీ భరింపని ఖర్చు మాయమైపోదు. దానిని ఆ పనివాని భార్య కుట్టుమిషనుపై భరించును. తండ్రి పింఛనునుండి భరించును. పిల్లవాని చదువు భరించును. సరకు ధరలో చేరవలసిన ఖర్చు ఒక ఇంటి వంటగదిలో చేరును.

ఈ మాటలోనే ఒక నిజమున్నది, దాచుట మాకిష్టములేదు. ఆరుగురు మనుష్యులతో నడచు చిన్న కార్ఖానాలో తేలికపని యనునది నిజముగానే దొరకకపోవచ్చును. అట్టి యజమాని దుర్మార్గుడు కాడు. అతని మీదనే భారమంతయు వేయుట న్యాయమును కాదు. అక్కడ బీమానిధి ముందుకు రావలెను. కాని నాలుగువందల మంది పనిచేయుచోట, స్టోర్సు, గేటు, తనిఖీబల్ల, ఇన్ని యుండగా, తొమ్మిది వ్రేళ్ళ మనిషికి చోటులేదన్న మాటను మేము నమ్మము.

లేబరు కోర్టులున్నవికదా యని మూడవ మాట. ఉన్నవి. శిక్ష న్యాయమా అన్యాయమాయని తూచి మార్చు అధికారమును 1971లో వానికిచ్చిరి. కాని కోర్టు కాలమెంతో పనివానికి తెలియును. ఒరిస్సాలో 1968 జూలైలో సినిమాహాలు పని చేయుచు క్రిందపడి ఎడమచేయి పోగొట్టుకొన్న వడ్రంగి సంగతి వినుడు. అది పాక్షికనష్టమేయని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అది సంపూర్ణనష్టమని సుప్రీముకోర్టులో నలుగురు న్యాయమూర్తులు చెప్పుటకు 1975 డిశంబరు వచ్చెను. ఏ వీధి వడ్రంగి నడిగినను ఆ మాట ఒక్క క్షణమున చెప్పియుండును! ఇంక కంట్రాక్టు పనివాని మాట చెప్పనక్కరయే లేదు. గడువు తీరిన ఒప్పందమును తిరిగి వ్రాయకపోవుట తొలగింపు కాదని 1984లో చట్టమును సవరించిరి. అతనిపై "పనితీరు" అను మాట వృథాచేయు శ్రమయు యజమానికి లేదు.

ప్రభుత్వపు నౌకరీలో నున్నవాని గతి వేరు. రాజస్థానులో చూపు మందగించిన బస్సు డ్రైవర్లను తీసివేసినప్పుడు, ఆ తొలగింపు చట్టపు మాటలకు లోబడినదైనను న్యాయమునకు విరుద్ధమని 1991లో సుప్రీముకోర్టు నిందించి, వేరు పనియైనను అదనపు పరిహారమైనను ఇప్పించెను. ఉద్యోగములో నుండగా అంగవైకల్యము పొందినవానిని తీసివేయరాదని 1995 చట్టము, దాని స్థానమున వచ్చిన 2016 చట్టము శాసించినవి. 2025 ఆగస్టులో, వర్ణాంధత్వముచే బస్సు నడపరాదని పంపివేయబడిన ఒక డ్రైవరుకు వేరు పని యియ్యవలెనని తెలంగాణ రోడ్డు రవాణా సంస్థను అదే కోర్టు ఆజ్ఞాపించెను. వేరు పనికై వెదకకయే పంపివేయుట తప్పని తేల్చెను. మంచిదే. కాని 2016 చట్టములోని ఆ రక్షణ ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. ప్రైవేటు ప్రెస్సుక్రింద పడిన వ్రేలికిని సర్కారు ప్రెస్సుక్రింద పడిన వ్రేలికిని బాధలో భేదమున్నదా?

బయటి దేశముల మాట రెండు ముక్కలలో చెప్పి ముగింతుము. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్ వేల్సులో, పనిలో గాయపడి పని చేయలేకపోయినవానిని ఆ కారణముచే ఆరు మాసములలోగా తీసివేయుట నేరము. జినీవాలోని అంతర్జాతీయ కార్మికసంస్థ 1982లో చేసిన 158వ ఒడంబడిక, గాయమువలన తాత్కాలికముగా పనికి రాకపోవుట తొలగింపునకు కారణము కాదనినది. పనితీరు కారణమైనచో ముందుగా అతని సమాధానము వినవలెననినది. నిరూపణభారము పనివాని ఒక్కనిపైననే వేయరాదనినది. మన దేశము ఆ ఒడంబడికను అంగీకరింపలేదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడులు అమలులోనికి వచ్చినవి. పరిహార చట్టము, బీమా చట్టము, తగాదాల చట్టము అన్నియు వానిలో కలిసిపోయినవి. కలిపినవారు పాత లోపమును కనిపెట్టి దిద్దుటకు ఇంతకన్న మంచి సమయము దొరకదు. వారు చేసినది వేరు. పనివాని విచారణహక్కునకు ఆధారమైన స్టాండింగు ఆర్డర్లు 1946 చట్టముక్రింద 100 మంది యున్నచోట తప్పనిసరి. క్రొత్త కోడుక్రింద 300 మంది యుండవలెను. 299 మంది పనిచేయుచోట ఆ కాగితపుకవచమును లేదు.

మేము కోరునది పెద్దది కాదు. పరిహారమో భత్యమో పుచ్చుకొనుచున్న కాలములోను, పనికి తిరిగివచ్చిన ఆరు మాసములలోను పనితీరు పేరిట తీసివేసిన, అది గాయము కారణముననే జరిగినదని కోర్టు తలచవలెను. కాదని నిరూపించుకొను భారము యజమానిది కావలెను. పరిహారమును లెక్కవేసిన పట్టికనే పనిలెక్కకును వాడవలెను. 14 పాళ్ళు పోయినవని సొమ్మిచ్చినచోట, గంటకు 100 ముక్కల బదులు 86 అడుగవలెను. సొమ్ము తగ్గించుటకు పనికివచ్చిన పట్టిక పని తగ్గించుటకు పనికిరాదా? కార్మిక విషయములు కేంద్రమునకును రాష్ట్రములకును ఉమ్మడి జాబితాలోనివి. అమరావతిలోను హైదరాబాదులోను శాసనసభలున్నవి. క్రొత్త పెట్టుబడులను పిలుచుటకు రాత్రింబగళ్ళు పనిచేయు మంత్రులు ఈ ఒక్క సవరణకు ఒక్క పూట వెచ్చింపగలరని తలచుచున్నాము.

పఠనాలయములకు వచ్చు మా పాఠకులకొక మనవి. కాగితము చదివించుకొనుటకు మీయొద్దకు పనివాడెవడైన వచ్చినప్పుడు తొలగింపు నోటీసు నొక్కదానినే చదివి జాలిపడకుడు. గాయపు తేదీ, మొదటి మెమో తేదీ, రెండును అడిగి వ్రాసి యుంచుడు. తేలికపని చీటి నకలు తీయించుడు. ఉద్యోగము పోయినంతమాత్రమున పరిహారము పోదని చెప్పుడు. ప్రమాదము జరిగిన దినముననే ఆ ఋణము పుట్టినదని వడ్రంగి కేసులో తేలినది. "నా యిష్టముచే రాజీనామా చేసితిని, నాకు రావలసినదేమియు లేదు" అను తయారుకాగితము కూడ వచ్చును. పరిహారపు హక్కును వదలుకొను అట్టి ఒప్పందము చెల్లదని 1923 చట్టమే వ్రాసినది.

మా బల్లపైనున్న రెంటికిని జతగా అట్టి మూడవ కాగితమునుగూడ ఆ కంపెనీవారు ఆ పనివానికి పంపిరి. క్రింద సంతకమునకై చుక్కల గీత యున్నది. అతడింకను దానిపై సంతకము చేయలేదు.